నడవని బండి నూనె

"నడవని బండికి నూనె మార్చడం ఎందుకు గురువుగారూ?" అని అడిగాడు బొంజుబాబు.

సుందర్రావు మేస్త్రి ప్రశ్నకు వెంటనే జవాబిచ్చే మనిషి కాడు. మన్యంలో ముప్ఫై ఏళ్లుగా మోటారుసైకిళ్లు బాగుచేస్తున్నవాడు. శిష్యుడు నోరు తెరిస్తే అతని చేతిలో పానా పెట్టి ఊరుకుంటాడు. నూనె మార్చుకోమని రెండుసార్లు కబురు పెట్టినా బొంజుబాబు కదలకపోయేసరికి, ఆ పుష్యమాసపు ఉదయం తానే మంచులో కొండ దాటి శిష్యుడి ఊరు సుంకుబంద వచ్చాడు.

ఆ మోటారుసైకిలు ఊరందరిదీ. రోగులను ఆసుపత్రికి చేర్చడానికి పక్కన చక్రం వేసి మంచం బిగించారు. నాలుగేళ్లు మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాడని ఊరు దాన్ని బొంజుబాబు చేతిలో పెట్టింది. అతను దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. సంతకు ఒక్కసారి ఇమ్మంటే సొంత బావకే ఇవ్వలేదు. రోజూ తెల్లవారగానే స్టార్టు చేసి, రెండు నిమిషాలు ఉంచి, ఆపి, తెల్లగుడ్డతో తుడిచి, పరదా కప్పేవాడు. చలి మొదలయ్యాక రెండు నెలలుగా దాని చక్రం వాకిలి దాటలేదు.

"ఈరోజు కూడా ఒక్క తన్నుకే అందుకుంది," అన్నాడు కాస్త గొప్పగా.

మేస్త్రి ఏదో అనబోయాడు. ఇంతలో లోపలినుంచి అక్క కాసులమ్మ కేక వినిపించింది. కాన్పుకి ఇంకా పదిరోజులుందని అందరూ ధీమాగా ఉన్నారు. తల్లి పరుగున బయటికొచ్చి, "ఉమ్మనీరు పోయిందిరా, బండి తియ్యి," అంది.

బొంజుబాబు పరదా లాగి పడేసి ఒక్క తన్ను తన్నాడు. బండి అందుకుంది. మేస్త్రి వంగి తాళం తిప్పి ఆపేశాడు.

"నూనె మూత తియ్యి."

"టైము లేదు గురువుగారూ."

"తియ్యి."

మూత లోపలివైపంతా తెల్లటి నురగ. వేలు పెడితే మీగడలా అంటుకుంది. కింద బోల్టు విప్పితే ముందు కాసిని నీళ్లు, ఆ వెనక పాలు పోసిన టీ రంగులో నూనె కారింది.

"ఈ చలికి రెండు నిమిషాలు తిప్పితే లోపల ఆవిరి పుడతాది. అది బయటికి పోయేటంత వేడి పుట్టదు. ఆ నీరంతా నూనెలోనే కూకుంది. దీంతో కొండెక్కితే దారిలోనే ఇంజిన్ పట్టేస్తాది," అన్నాడు మేస్త్రి.

రోజూ నిష్ఠగా బొంజుబాబు చేసిన పనే అక్క ప్రాణం మీదికి తెచ్చింది. అవసరమేముందని అతను కొత్త నూనె కొని ఉంచలేదు; కొనే ఉంటాడనుకుని మేస్త్రీ తేలేదు. జీపు సంతరోజున తప్ప రాదు. లోపల అక్క మళ్లీ అరిచింది, తర్వాత చప్పుడు లేదు. అరుపుకంటే ఆ చప్పుడు లేకపోవడానికే అతను ఎక్కువ భయపడ్డాడు.

మేస్త్రి అప్పటికే తన బండి కింద బేసిను పెట్టి బోల్టు విప్పుతున్నాడు. పక్కన మంచం లేని, ఒళ్లంతా బురద కొట్టుకున్న పాత బండి. ఇప్పుడే కొండ దాటి వచ్చింది. పొగలు కక్కుతూ నూనె బేసినులోకి దిగింది.

"ఈ నల్ల నూనెనా?" అన్నాడు బొంజుబాబు.

"వేడిగా ఉంది. పొయ్యి."

వడకట్టడానికి చేతికందింది ఆ తెల్లగుడ్డే. ముందు కాస్త పోసి లోపల కడిగి వదిలేసి, బోల్టు బిగించి, మిగతాది పోశారు. పట్టుమని పావుగంట పట్టలేదు. బొంజుబాబుకి మాత్రం ఒక పూట గడిచినట్టుంది. కాసులమ్మను మంచంమీద పడుకోబెట్టారు. తల్లి వెనక ఎక్కింది. మంచులో దారి పదడుగులకు మించి కనబడలేదు. అతను దారిని కళ్లకూ, తన భయాన్నంతా చెవులకూ అప్పగించి, ఇంజిన్ శబ్దం ఎక్కడ మారుతుందోనని వింటూ నడిపాడు. కొండ దాటి ఆసుపత్రి చేరేదాకా అది మారలేదు.

సాయంత్రం అతను కొత్త నూనె డబ్బాతో తిరిగొచ్చేసరికి, మేస్త్రి నూనె లేని తన బండి పక్కన కూర్చుని చలి కాచుకుంటున్నాడు.

"ఆడపిల్ల గురువుగారూ. ఇద్దరూ బాగున్నారు." అన్నాడు బొంజుబాబు.

మేస్త్రి తలూపాడు. బొంజుబాబు కళ్లు తుడుచుకుని ఊరి బండివైపు చూశాడు. ట్యాంకు దాకా బురద. అలవాటు కొద్దీ గుడ్డ తీసి రుద్దబోయాడు. మేస్త్రి ఆ నల్లబడిన గుడ్డను అతని చేతిలోంచి తీసుకున్నాడు.

"ఉండనీరా. రేపు సంతకెవర్ని ఎక్కించుకెళ్తావో అది చెప్పు."