తన కూతకు తానే బదులిచ్చిన పుంజు

ఒకప్పుడు కోడిపుంజులు కళ్ళు తెరుచుకునే కూసేవి. అప్పటికి అవి ఊళ్ళలోకి రాలేదు. అడవిలో ఒక్కో గుట్ట మీద ఒక్కో కోళ్ళ కుటుంబం ఉండేది.

అడవిలో పిల్లి భయం ఎక్కువ. అందుకని కోళ్ళన్నీ కలిసి ఒక నియమం పెట్టుకున్నాయి. తెల్లవారగానే ప్రతి పుంజూ "కొక్కొరోకో" అనాలి. అంటే "నేనున్నాను, మీరున్నారా?" అని. ఎవరి కూత వినబడినా వెంటనే బదులు కూయాలి. బదులు రాలేదంటే ఆ పుంజును పిల్లి తినేసినట్టే.

కూతల్ని మోసే పని గాలమ్మది. ఎవరు కూసినా ఆ కూతను పట్టుకుని గుట్టగుట్టకూ తిరిగి, ప్రతి పుంజు చెవిలోనూ వేసేది. ఒక్క చెవినీ వదిలేది కాదు. కూసినవాడి చెవిని కూడా!

చాలా పుంజులు బద్ధకస్తులు. రెండు కూతలు కూసి గింజలకు పరిగెత్తేవి. ఎర్రగుట్ట మీదుండే తురాయి అనే పుంజు అలా కాదు. దానికి నియమమంటే ప్రాణం.

ఒకనాటి పొద్దున తురాయి కూసింది. "కొక్కొరోకో!"

వెంటనే చెవిలో "కొక్కొరోకో!" అని వినబడింది.

"ఎవరో పిలుస్తున్నారు" అనుకుని తురాయి బదులు కూసింది. మళ్ళీ వినబడింది. మళ్ళీ కూసింది. మళ్ళీ వినబడింది.

"ఎవడో గానీ మహా గట్టి గొంతు! పాపం, ఎంత చెప్పినా వాడికి నమ్మకం కుదరడం లేదు" అనుకుంది. ఒంటికాలి మీద కూసింది. బండెక్కి కూసింది. గుండ్రంగా తిరుగుతూ కూసింది. కొక్కొరోకో, కొక్కొరోకో, కొక్కొరోకో! ఉడుతలు కళ్ళు తిరిగి కొమ్మల మీంచి టపటపా రాలాయి.

సరిగ్గా అప్పుడే పక్క గుట్ట మీది నల్లబోర అనే పుంజు కేక పెట్టింది. "తురాయీ! పిల్లి మీ గుట్ట ఎక్కుతోంది! పిల్లి!"

తురాయి చెవిలో ఆ కేకకు చోటేదీ? తన కూతే నిండిపోయింది.

తురాయి పెళ్ళాం బొట్లపెట్ట చివరి క్షణంలో పిల్లిని చూసి, పిల్లల్ని ముళ్ళపొదలోకి తోసింది. పిల్లలు దక్కాయి. బొట్లపెట్ట తోక మాత్రం పిల్లి నోట్లోకి పోయింది.

"ఏమయ్యా, ఎవరికి ఆ బదులు?" అని బోడి తోకతో వచ్చి నిలదీసింది.

"ఎవడో పిలుస్తుంటే పలకొద్దా? నియమం కదే!"

"ఎవడూ లేడు, నువ్వే! నీ కూత నాకు తెలీదా? రేపు కూడా ఇలాగే అరిచావంటే పిల్లల్ని తీసుకుని నల్లబోర గుట్టకు పోతాను. నువ్వూ నీ నియమమూ ఇక్కడే ఉండండి."

నియమం పాటించడం మంచిదే, పిల్లలూ. ఎవరి మాటకు బదులిస్తున్నామో చూసుకోకుండా పాటిస్తే, ఇదిగో, ఇంట్లో తోకలు పోతాయి.

మర్నాడు తురాయి చెవుల్లో తడిమట్టి కూరుకుంది. ఒక్క కూత కూసింది. ఏమీ వినబడలేదు. "హమ్మయ్య!" అని హాయిగా గింజలేరుకోసాగింది.

కాసేపటికి చుట్టుపక్కల పుంజులన్నీ ఏడుస్తూ గుట్టెక్కాయి. "అయ్యో, ఎంత మంచివాడు! నిన్నే కదా అంతసేపు కూశాడు!"

బొట్లపెట్ట తురాయి చెవుల్లోని మట్టిని పొడిచి పారేసింది. ఏడుపులు విని తురాయి కంగారుపడింది. "ఎవరు పోయారు?"

"నువ్వే!" అంది నల్లబోర ముక్కు చీదుకుంటూ. "ఎంత పిలిచినా పలకలేదుగా!"

తురాయి సిగ్గుపడి గాలమ్మ దగ్గరకు పోయింది. "అమ్మా, అందరి కూతలూ నాకివ్వు. నా కూత మాత్రం నాకివ్వకు."

గాలమ్మ పకపకా నవ్వింది. చెట్లన్నీ ఊగిపోయాయి. "ఒరే పుంజూ! గుంపుకిమ్మంటే గుంపుకంతా ఇస్తాను. నువ్వూ గుంపులోవాడివేగా? ఇది వీడిది, అది వాడిది అని ఏరుకుంటూ కూర్చుంటే నేను ఇన్ని గుట్టలు ఎప్పుడు తిరగాలి? వద్దనుకుంటే నీ చెవి తలుపు నువ్వే వేసుకో. అందరికంటే నువ్వే దగ్గర కాబట్టి, నీ కూత నువ్వు నోరు మూసేలోపే నీకిచ్చేసి పోతాను."

బొట్లపెట్టకు చటుక్కున తట్టింది. "అయితే నోరు తెరిచినంతసేపే చెవులు మూసుకోవయ్యా! నోరు మూయగానే తెరువు."

చెప్పినంత తేలికా? మూసుకోవడానికి ఏనుగు చెవులా అవి? తురాయి కాళ్ళు బిగించింది, రెక్కలు బిగించింది, వెల్లకిలా పడింది. పిల్లలు కిచకిచా నవ్వాయి. సాయంత్రానికి కిటుకు దొరికింది. మెడ బారుగా చాచి కళ్ళు గట్టిగా మూస్తే చెవులు కూడా మూసుకున్నాయి!

తెల్లారింది. తురాయి మెడ చాచి, కళ్ళు మూసి, "కొక్కొరోకో!" అంది. నోరు మూసింది. చెవి తెరిచింది. తల పక్కకు వంచింది.

"తురాయీ, పిల్లి! వాగు వైపు నుంచి వస్తోంది!"

అది నల్లబోర కేక. తురాయి ఒక్క ఉరుకున కుటుంబాన్నంతా ముళ్ళచెట్టెక్కించింది. పిల్లి కింద నిలబడి పళ్ళు కొరుక్కుంది.

"ఇప్పుడు బదులియ్యి" అంది బొట్లపెట్ట, పిల్లల్ని రెక్కల కింద సర్దుకుంటూ. తురాయి కొమ్మ మీద నిలబడి మెడ చాచింది. ఆ కూతలో పిల్లి ఎటు వచ్చిందో గుట్టలన్నిటికీ తెలిసిపోయింది. కళ్ళు మూసి కూసే ఆ కిటుకును పుంజులన్నీ నేర్చుకున్నాయి.

అప్పటినుంచే కోడిపుంజు కూసేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. కూత కాగానే కళ్ళు తెరిచి, తల పక్కకు వంచి, అవతలివాడి కూత కోసం కాసేపు నోరు మూసుకుని నిలబడుతుంది.