చేతులకనుమ

పూర్వం నల్లమల అంచున వీరగట్టు సీమను ఎరపోతభూపాలుడనే ప్రభువు ధర్మబద్ధంగా పాలించేవాడు. ఆయన మనసును ఒక సందేహం చిరకాలంగా తొలుస్తూ ఉండేది. ఏటా చైత్రపౌర్ణమికి కొండమ్మ తిరునాళ్లకు వచ్చే వేలాది జనం ఎండకు సోలి, పాదాలు బొబ్బలెక్కి, ఇరుకుదారుల్లో నలిగి కూడా వెలిగే ముఖాలతో కొండ దిగేవారు. పల్లకీలో సుఖంగా వెళ్లివచ్చే తనకు ఆ ఆనందం లేశమైనా అంటేది కాదు.

పండితుల సమాధానాలతో తృప్తి చెందక, ఒక ఏడాది తిరునాళ్ల ముందురోజు దారి పక్కన బుట్టలల్లుకునే మేదర సూరమ్మను కారణమడిగాడు.

"చెబితే తెలిసేది కాదు దొరా. రేపు మాతో నడిచి రండి," అన్నదామె వినయంగా.

మరునాడు ప్రభువు ముతకపంచె కట్టి, పరివారాన్ని విడిచి, సూరమ్మ వెంట ఆ జనప్రవాహంలో కలిశాడు. మొదట భుజాల తాకిడికి చిరాకుపడ్డాడు. ఎవరో తమ ముంతలోని మజ్జిగ తాగమని ఇచ్చారు. మరికొంతసేపటికి అందరి పాటలో తన గొంతూ కలిసిపోయిందని గమనించి తానే ఆశ్చర్యపోయాడు.

ఇరుకైన కనుమలో ఉన్నట్టుండి వాన కురిసింది. ప్రభువు మెట్టు జారి, కాలు విరిగి, జనం పాదాల మధ్య పడిపోయాడు. వెనుకనున్న వేలమంది సంగతి తెలియక తోసుకువస్తున్నారు. ఆయన ప్రాణాలమీద ఆశ వదులుకున్నాడు.

సూరమ్మ చేయెత్తి, "మనిషి పడ్డాడు, నిలవండి," అన్నది. ఆ మాట నోటినుండి నోటికి పాకి, కొండ అడుగుదాకా జనం నిలిచిపోయారు. ఎవరివాడవని అడగకుండా ఆయనను పైకెత్తి, చేతులమీదుగా ఒకరికొకరు అందించుకుంటూ కిందికి చేర్చారు. ఆకాశాన్ని చూస్తూ ఆ అరచేతులపై సాగినంతసేపూ ఆయనకు నొప్పి తెలియలేదట, తానెవరో కూడా గుర్తురాలేదట.

కోలుకున్నాక, తనను కాపాడినవారికి మాన్యాలిస్తానని చాటింపు వేయించాడు. ఒక్కరూ రాలేదు. సూరమ్మను పిలిపించి, మోసినవారెవరని అడిగాడు.

"మేమే దొరా."

"మేమంటే ఎవరెవరు?"

"ఆ రోజు మీరు కూడా మేమే కదా," అన్నది.

మాన్యాల మాట విడిచి, ప్రభువు కనుమలో శాసనం వేయించదలచాడు. చెక్కడానికి వచ్చిన శిల్పి ఎవరి పేర్లు వేయాలని అడిగితే, ఒక్క మాటే చెప్పి పంపాడు.

నాటినుండి ఆ ఇరుకుదారి చేతులకనుమ అయింది. అక్కడి నిలువుబండపై 'మేము' అన్న రెండక్షరాలు, తరతరాల అరచేతులు తాకి నునుపెక్కి, నేటికీ కనిపిస్తాయి. అక్కడికి చేరిన యాత్రికుడెవరైనా వెనుక వచ్చేవారికి చేయి అందించి గానీ ముందుకు కదలడు.