బంగారు గుండు లెక్క

భైరవరాజుగారికి ఏదైనా మనసులో పడిందంటే ఆ పూటే తేలిపోవాలి. ఆ రోజు మేనకోడలు రుద్రాంబ చదువు పడింది.

లెక్కల్లో ఆ పిల్ల పంతుళ్ళందర్నీ దాటేసింది. ఇక మిగిలింది గోళగణితం. ఆరేళ్ళ చదువు. నేర్పే చోట్లు రెండే. ఒకటి ఆస్థాన సిద్ధాంతి విశ్వపతిగారి పాలరాతి విద్యాపీఠం, రెండోది ఏటవతల అన్నమ ఒజ్జగారి పూరిపాక.

"ఏది మంచిదో నువ్వే తేల్చు," అన్నాడు రాజు, తాంబూలం అందించే తిప్పనతో. ఏ చిక్కొచ్చినా ఆయన చూసేది అతనికేసే.

రుద్రాంబ మెల్లగా దగ్గరికొచ్చింది. "తిప్పన్నా, తప్పు చోట పడితే నా ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే."

తిప్పనకి జాలేసింది. గురువులిద్దర్నీ సభకి పిలిపించి, ముందు ఒక తాటాకు పెట్టాడు.

"గుడి శిఖరం మీది గుండుకి బంగారు రేకు తొడగాలి. ఎంత కావాలో ప్రభువులే స్వయంగా లెక్క కట్టారు. గుండంత వలయం గీసి, ముందుకొకటి, వెనక్కొకటి. మొత్తం రెండు వలయాల రేకు. చూసి చెప్పండి."

ఆ లెక్క తప్పని కంసాలి ముందే తిప్పన చెవిలో ఊదాడు. రాజుకి చెప్పే ధైర్యం ఎవరికుంది?

విశ్వపతి తాటాకుని కళ్ళకద్దుకున్నాడు. "ఆహా! సాక్షాత్తూ సరస్వతి వేసిన లెక్క!"

ఒజ్జ తల గోక్కున్నాడు. "ప్రభూ, గుండు పూరీ కాదండి. ఈ లెక్కతో సగం బోడిగా మిగులుతుంది."

రాజు మొహం కందగడ్డ అయింది. "ఏదీ, చూపించు!"

ఒజ్జ నారింజపండు ఒకటి తెప్పించి, నేలమీద పండంత వలయాలు గీశాడు. తొక్క ఒలిచి, తుంచి పరిచాడు. రెండు నిండాయి. తొక్క ఇంకా ఉంది. మూడోదీ నిండింది. నాలుగోది నిండేసరికి చెయ్యి ఖాళీ అయింది.

రుద్రాంబ పరుగున వచ్చి నేలమీదే చతికిలబడింది. "ఎప్పుడూ నాలుగేనా? ఎందుకని?"

"అదేనమ్మా, మనం కూర్చుని చూడాల్సింది," అన్నాడు ఒజ్జ.

విశ్వపతికి ఒళ్ళు మండింది. "ప్రభూ! ఆ పాకలో రోజూ తప్పులే, దిద్దుబాట్లే! మా పీఠంలో పన్నెండేళ్ళుగా ఒక్క తప్పు దొరకలేదు!"

తిప్పన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"వెతికేవాళ్ళు లేకపోతే ఎలా దొరుకుతుందండీ, సిద్ధాంతిగారూ?"

ముందు నవ్వింది రాజే. పొట్ట పట్టుకుని నవ్వుతూనే మెళ్ళో ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు. సభంతా ఘొల్లుమంది.

రుద్రాంబ మాత్రం అవేం పట్టించుకోలేదు. ఏరు దాటే పడవ ఎన్నింటికని ఒజ్జని అడుగుతోంది.