నెమరు మీద పన్ను

జొన్నచేల మధ్య ఒక పశువుల పాక. అందులో పాలించడానికి పెంట తప్ప ఏమీ లేదు, అయినా ఏటా పాకపెద్ద పదవికి ఎన్నికలు జరిగేవి. ఆ ఏడు నక్క జంబయ్య నిలబడ్డాడు. పాకలో వాడికి గడ్డిపరకంత వాటా లేదు గానీ నోరుంది. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా?

పాకలో ఓట్లు మూడే. గాడిద పోలయ్యదొకటి, ఏ బరిలోకీ దిగని పుంజు పందెంరాజుదొకటి, గేదె సింగారానిది ఒకటి. సింగారం ఈని మూడు రోజులైంది. పెయ్యదూడ బక్కది, తల్లిపాలు తప్ప దానికి వేరే ఆధారం లేదు. జున్నుపాల వాసన చేల అవతలికి పోయింది. జంబయ్యకి ప్రజాసేవ మీద మనసు పుట్టింది సరిగ్గా అప్పుడే.

పేదరికానికి కారణం తను కనిపెట్టానని వాడు చాటాడు. వానలు కాదట, మేత కొరతా కాదట.

"బావా, రోజుకి ఎన్నిసార్లు తింటావు?" అని పోలయ్యని అడిగాడు.

"దొరికితే ఒకసారి."

"సింగారం తిన్నదే రెండుసార్లు తింటుంది. నిలబడి మేత, పడుకుని నెమరు. ఆ రెండో భోజనం ఎవరిదనుకున్నావు? నీది."

పోలయ్య జన్మలో అంత దూరం ఆలోచించలేదు. కళ్లు చెమర్చాయి. పందెంరాజైతే తనకి పళ్లే లేవన్న సంగతి మరిచి, నెమరులో వాటా కావాలని రెక్కలు కొట్టాడు. రెండు ఓట్లూ నక్కకే పడ్డాయి.

గెలిచిన పూటే చట్టం వచ్చింది. నెమరులో సగం ప్రజలది. వసూలైన సరుకు మంచిదో కాదో పాకపెద్ద ముందుగా తిని చూడాలి. నెమరు కట్టలేనివాళ్లు బదులుగా పాలివ్వొచ్చు. పొట్టలో గడ్డిని ఏ గేదె తెచ్చి కడుతుందిలే అని జంబయ్య ధీమా. పాలు రుచి చూడటానికి మూతి కూడా కడుక్కొచ్చాడు.

పోలయ్య వచ్చి చట్టం వినిపిస్తే సింగారం దూడని నాకుతూనే వింది. సగం పాలు పోతే ఆ పిల్ల బతకదు. అరవలేదు, ఏడవలేదు. పోయి, వానకి నాని కుళ్లిన చొప్పంతా పనిగట్టుకుని మేసి, సాయంత్రానికి నక్క ముందుకొచ్చి నిలబడింది.

"పన్ను తెచ్చాను పెద్దాయనా. నోరు తెరువు."

జంబయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పచ్చి బాలింతరాలివి, అంత శ్రమ వద్దు, పాలు చాలన్నాడు.

"పాలు, నెమరు కట్టలేనివాళ్లకి. నేను కట్టగలను," అంది సింగారం. "ఏం పోలయ్య మరిదీ, నీ వాటా కావాలా, వద్దా?"

"కావాలి వదినా," అన్నాడు పోలయ్య. ఆకలి మీదున్నాడు పాపం.

సింగారం డొక్కలు కదిలాయి. పచ్చగా, నురగలు కక్కుతూ, గంపెడు ముద్ద నక్క కాళ్ల దగ్గర పడింది. పందెంరాజుకి ముక్కు మూసుకోడానికి ఒక రెక్క చాల్లేదు. జంబయ్య ఒళ్లు బాగాలేదన్నాడు, ఏకాదశన్నాడు, చివరికి తను మాంసం తప్ప ముట్టనన్నాడు.

"మరి మా గడ్డి గోల నీకెందుకయ్యా?" అన్నాడు పోలయ్య. ఓటు వేయకముందు అడగాల్సిన మాట. గాడిద కదా, ఆలస్యంగా తట్టింది.

చట్టం తను రాసిందే. తప్పక జంబయ్య ఒక ముద్ద మింగాడు. అది పైకొచ్చింది. మళ్లీ మింగాడు. మళ్లీ వచ్చింది.

"ఇంకేం, నీకూ నెమరు పట్టుబడింది," అంది సింగారం. "ఇప్పుడు అందులో సగం మాది. కట్టు."

నక్క తోక ముడిచి చేలకి అడ్డం పడి పరిగెత్తాడు. నా వాటా ఇచ్చి పొమ్మంటూ పోలయ్య పొలిమేర దాకా తరిమాడు.

పక్కవాడి నోటి కూడు పంచిపెడతానన్నవాణ్ణి ముందు తన నోరు తెరవమనండి.