తీతువుకు రావలసిన పుట్టలు

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డు ఇసుక మీద ఒక తీతువు పిట్ట కాపురముండేది పిల్లలూ. దాని ఉద్యోగం కావలి. వేటగాడు కనబడితే చాలు, అడవంతా లేచేలా అరిచేది. ప్రాణాలు దక్కించుకున్న వాళ్లే మర్నాడు, "పాడు అరుపు, అపశకునం" అనేవాళ్లు.

ఆ అడవిలో జీతమంటే చెదలు తినడానికి ఇచ్చే చెదపుట్టలు. కావలి పిట్టకు ఏడాదికి ఒక పుట్ట, పెద్దకావలికి మూడు. ముందు చేరినవాళ్లే ముందు పెద్దకావలి కావాలన్నది సింహం పెట్టిన కట్టుబాటు.

తీతువు వంతు వచ్చింది. అప్పుడది గుడ్ల మీద ఉంది.

"పొదిగే ఆడదానికి కాపలా మీద ధ్యాసెక్కడుంటుంది?" అన్నాడు మంత్రి నక్క. తీతువు తర్వాత చేరిన నెమలిని పెద్దకావలి చేశాడు. ఆరుబయట గుడ్లు పెట్టుకున్న తల్లికంటే మెలకువగా ఉండేదెవరో నక్కకేం తెలుసు? వాడెన్నడూ పొదగలేదు కదా!

మూడేళ్లు గడిచాయి. ఒక్క పుట్ట తీతువు పిల్లలకు ఏ మూలకీ చాలేది కాదు. పొరుగున ఉన్న కౌజుపిట్ట తన పిల్లలతో పాటు వాటినీ పిలిచి పెట్టేది.

"నీకే చాలదు కదా వదినా!" అనేది తీతువు.

"ఆకలేసిన పిల్ల ఎవరి పిల్లయితేనేం వదినా?" అనేది కౌజు.

ఒకనాడు సింహం కొలువులో కావలి వాళ్ల సంగతి విచారించింది. తీతువుకు జరిగిన అన్యాయం బయటపడింది.

"తప్పు మాదే. నీ వంతు వచ్చిన నాటినుంచే నువ్వు పెద్దకావలివి" అంది సింహం.

కొలువంతా జేజేలు కొట్టింది. తీతువు మాత్రం కదల్లేదు.

"దండం పెట్టి వెళ్లు" అని గదమాయించాడు నక్క.

"దక్కింది చాలే, పదవే! నోరు జారితే ఉన్నదీ పోతుంది" అన్నాడు పక్కనున్న దాని మొగుడు.

"నేను పెట్టిన తిండి తీర్చాలని అడగబోతే వద్దు వదినా, నేనేమీ అనుకోను" అంది కౌజు.

ఆ మాటకే తీతువు మెడ ఎత్తింది.

"మహారాజా, నాటినుంచే పెద్దకావలినైతే, నాటినుంచి రావలసిన పుట్టలేవి?"

"చెయ్యని పనికి జీతమా?" నవ్వాడు నక్క.

"నేను రానన్నానా మంత్రిగారూ? తలుపు మూసింది మీరు. లోపలికి రాలేదేమని నన్నే అడుగుతారా?"

నెమలి సిగ్గుతో తల దించుకుంది. "మహారాజా, పెద్దకావలి పుట్టలు తిన్నది నేను. నేను పురి విప్పి ఆడుతున్నప్పుడల్లా అడవిని కాచింది ఈ అక్క."

సింహం కొండవార ఉన్న తన సొంత పుట్టల్లోంచి, తీతువుకు మూడేళ్లుగా తగ్గినవన్నీ ఇప్పించింది. తీతువు నెమలి వైపు తిరిగి, "నిజం చెప్పావు తమ్ముడూ, నీ మేలు మరవను" అంది.

తొలకరి పడింది. పుట్టల్లోంచి రెక్కల చెదలు, ఉసిళ్లు, పొగలా లేచాయి. తీతువు తన పిల్లలకంటే ముందు కౌజు పిల్లల్ని పిలిచింది.

"ఇదేమిటి వదినా, అప్పు తీరుస్తున్నావా?" చిన్నబోయింది కౌజు.

"నువ్వు పెట్టింది అప్పయితే కదా తీర్చడానికి! రా, కలిసి తిందాం."

అటుగా పోతున్న నక్క మూతి తిప్పాడు. "అన్ని పుట్టలిచ్చిన రాజుకు ఒక్క దండమైనా పెట్టలేదు, ఎంత పొగరు!"

"ఆయన ఇచ్చింది నాదే కదా మంత్రిగారూ" అంది తీతువు. "నాకు రావలసింది కాకపోయినా, తన నోటి దగ్గరిది తీసి నా పిల్లలకు పెట్టింది ఈవిడ."

అని, తడి ఇసుక మీద తల ఆనించి కౌజుపిట్టకు దండం పెట్టింది.

నీతి: న్యాయంగా రావలసినదాన్ని తలెత్తి అడగాలి, ఆకలినాడు ఆదుకున్నవారికే తల వంచాలి.