రెండో కంపెనీ

సన్యాసిరావు రికార్డుల కంపెనీ పెట్టిందే కోపంతో. గురువు అచ్యుతదాసు తత్వాలు రికార్డు చెయ్యమని మద్రాసులో ఒక పెద్ద కంపెనీకి వెళితే, అక్కడి మేనేజరు ఇద్దర్నీ గుమ్మంలోనే నిలబెట్టి, "బిచ్చగాళ్ళ పాటలు ఎవడు కొంటాడయ్యా?" అన్నాడు. తత్వమంటే ఏమిటో వాడికి తెలియదు, తెలుసుకునే బుద్ధీ లేదు.

ఆ మాట కడుపులో మండుతూ ఉండగానే సన్యాసిరావు విజయనగరంలో 'చంపావతి రికార్డులు' అని బోర్డు కట్టాడు. గురువుగారి తత్వాలే మొదటి రికార్డు. మద్రాసు మేనేజరు నోరు మూతపడేలా అమ్ముడుపోయింది.

ఇంతలో యుద్ధం వచ్చి, రికార్డులకు వాడే లక్క కరువైంది. పాత రికార్డులు విరిచి పంపితేనే ఫ్యాక్టరీవాళ్ళు వాటిని కరిగించి కొత్తవి వేసేవారు. సన్యాసిరావు ఇల్లిల్లూ తిరిగి ఒక బస్తా పోగుచేశాడు. దాంతో మళ్ళీ తత్వాలే వేయిద్దామనుకున్నాడు.

అప్పుడు అసిరమ్మ వచ్చింది. జముకు వాయిస్తూ గ్రామదేవతల కథలు పాడే మనిషి. తన దగ్గర నేర్చుకున్న ఒక్క కూతురూ కలరాలో పోయింది. ఒక్క రికార్డులో తన పాట పెట్టమని అడిగింది.

సన్యాసిరావు లక్క లేదన్నాడు. ఆమె బస్తా వైపు చూసింది. దాంతో అతనికి ఒళ్ళు మండింది.

"జముకుల పాట ఎవడు కొంటాడమ్మా?"

అత్త చేత వాతలు తిన్న కోడలు, తను అత్తయ్యాక అట్లకాడే వెతుక్కుంటుంది. సన్యాసిరావూ అంతే.

"కొనకపోతే మానీ బాబూ. నాతో పోకుండా ఉంటాదని అడిగినాను," అని అసిరమ్మ జముకు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మూలన కూర్చున్న అచ్యుతదాసు అంతా విన్నాడు. ఆయనకి కోపం రావడం శిష్యుడు ఎన్నడూ చూడలేదు. ఆయన లేచి, బీరువాలోంచి తన తత్వాల రికార్డు ఒకటి తీసి, మోకాలికేసి విరిచి బస్తాలో పడేశాడు. ఇంకొకటి తీశాడు.

సన్యాసిరావు ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. మనకు అన్నం పెడుతున్నవి అవేనని, అవి పోతే కంపెనీ మూసుకోవాలని మొత్తుకున్నాడు.

"మూసెయ్. అలాటిది మద్రాసులో ఒకటుంది కదరా. మల్లీ రెండోదేటికి?"

సన్యాసిరావు చెయ్యి వదిలేశాడు. గురువుగారి చేతిలో రికార్డు తీసుకుని, తనే విరిచి బస్తాలో వేశాడు.

వీధిలోకి వచ్చి చూస్తే, అసిరమ్మ ఇంకా మలుపు తిరగలేదు.