లోవ పలకలేని అక్షరం

అనగా అనగా, గోదారి పాయలుగా చీలిపోయే చోట ఒక లంక ఊరుండేది. చుట్టూ నీళ్ళు, నడుమ ఇసక నేల, ఆ నేలలో అరటి తోటలు, తోటల మధ్య కొన్ని ఇళ్ళు. బయటి వాళ్ళకి దానికేదో పెద్ద పేరుండేది గానీ, అక్కడి వాళ్ళు మాత్రం ఉత్త లంక అనే అనేవారు. ఒడ్డుకి రావాలన్నా, ఒడ్డు నుంచి పోవాలన్నా పడవే దిక్కు.

ఆ లంకలో లోవ అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉండేది తల్లీ, నీలాగే ముక్కు మీదకి జుట్టు పడేది. వాళ్ళమ్మ పేరు మంగతాయారు. తోటల్లో అరటి గెలలు మోసే పనికెళ్ళేది. లోవ కడుపులో ఉండగానే వాళ్ళ నాన్న పోయాడు. లోవలో వెలసిన అమ్మవారికి మొక్కుకుంది మంగతాయారు, బిడ్డయినా దక్కాలని. దక్కింది. అందుకే ఆ పేరు పెట్టుకుంది.

లోవకి అన్ని మాటలూ వచ్చు. ఒక్క 'ల' మాత్రం నోరు తిరగదు. లడ్డు అనమంటే "యడ్డు" అంటుంది. లంక అనమంటే "యంక" అంటుంది. నీ పేరేంటే అంటే "యోవ" అంటుంది. పడవ దిగిన ప్రతివాళ్ళూ దాన్ని ఆపి పేరడిగేవారు. యోవ అనిపించుకుని నవ్వుకుంటూ పోయేవారు. లోవా నవ్వేది.

వాళ్ళమ్మ మాత్రం నవ్వేది కాదు.

ఆ ఊరి అంగన్‌వాడీకి సత్తెవేణి అనే టీచరు రోజూ అవతలి ఒడ్డు నుంచి పడవెక్కి వచ్చేది. ఒకరోజు మంగతాయారు గెలలు దించేసి, చేతులకంటిన అరటి జిగురు చీరకి తుడుచుకుంటూ ఆవిడ దగ్గరకెళ్ళింది.

"టీచరుగారండీ, రేపు ఒడ్డున పెద్ద బళ్ళో ఏస్తే దీన్ని ఏడిపిస్తారండి. పేరు కూడా సెప్పుకోలేదు. ఆ ఒక్క అచ్చరం పలికించరా?"

"ఎంతసేపు మంగా! ఆటలాడిస్తే అదే వచ్చేస్తుంది," అంది సత్తెవేణి.

అప్పుడు సత్తెవేణి ఏం చేసిందీ? ఇసకలో కట్టెపుల్లతో వాకిలంత 'ల' గీసింది. తోక పైకెత్తి గుండ్రంగా పడుకున్న కుక్కపిల్లలా ఉంది ఆ అక్షరం. పిల్లలందరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలు కట్టారు. గీత మీదే నడవాలి, నడుస్తూ "ల ల ల" అనాలి. ఇంజను ఎవరూ? లోవే. గీత దాటి ఒక్క అడుగు పక్కన పడలేదు. నోరు మాత్రం "య య య" అంది. వెనకున్న పెట్టెలన్నీ కూడా "య య య" అన్నాయి.

ఆ తర్వాత బంకమట్టి తెప్పించింది. పిల్లలు మట్టిని తాడులా పేని, 'ల' చుట్టి, కిటికీలో ఎండబెట్టారు. అందరికంటే లోవ చేసిందే బాగుంది. ఇదేంటమ్మా అని టీచరు అడిగితే, దాన్ని రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని గొప్పగా "య" అంది.

ఆ తర్వాత బెల్లం ఆట. పైపళ్ళ వెనకాల, అంగిట్లో చిన్న బెల్లంముక్క అంటించింది సత్తెవేణి. నాలిక కొస పైకెత్తి దాన్ని నాకాలి, నాకుతూ "ల" అనాలి. లోవ నాలికెత్తింది. టీచరు ఊపిరి బిగబట్టి చూసింది. లోవ బెల్లం మింగేసి, "ఇంకొంచెం బెయ్యం పెట్టవా టీచరూ" అంది.

సత్తెవేణి దాన్ని ఒళ్ళోకి లాక్కుని పడీ పడీ నవ్వింది. కానీ ఆ సాయంత్రం తిరుగు పడవలో ఆవిడకి ఎందుకో మనసు బాగోలేదు. మంగతాయారుకి మాటిచ్చిందిగా.

అంతలో శ్రావణం వచ్చింది. ఎగువన వానలు పడ్డాయి. తెల్లారేసరికి గోదారి ఎర్రగా, వాకిళ్ళలో ఉంది. ఒడ్డు నుంచి పడవలొచ్చాయి. "ముందు పిల్లలు! పిల్లల్ని ఎక్కించండి!" అని అరుస్తున్నారు పడవ వాళ్ళు. మంగతాయారు మొల లోతు నీళ్ళలో నడిచి లోవని పడవలో కూచోబెట్టింది. "ఎనకాల పడవలో వచ్చేత్తానమ్మా, కదలకుండా కూకో," అంది. లోవ బుద్ధిగా తలూపింది.

వెనకాల పడవ వచ్చింది, మంగతాయారు ఒడ్డు చేరింది. ముందు వెళ్ళిన పడవ మాత్రం అక్కడ లేదు. సుడిలో పడి కిందకి కొట్టుకుపోయి, ఎక్కడో దిగువన ఆగిందట. మునిగిపోలేదు తల్లీ, భయపడకు. పిల్లలందరినీ వ్యాన్లెక్కించి తలో చోటికీ పంపేశారట. ఎవరిని ఎక్కడికంటే చెప్పేవాళ్ళు లేరు. ఫోన్లు మోగలేదు.

సత్తెవేణి పొద్దుటి నుంచీ గట్టు మీదే తడుస్తూ నిలబడి ఉంది. మంగతాయారుని చూసి ఎదురొచ్చింది. ఇద్దరూ కలిసి వెతకడానికి బయల్దేరారు.

ముందు ఒక బడికెళ్ళారు. బడి నిండా చాపలు, చాపల నిండా జనం. లోవ అనే పిల్ల ఉందా అంటే లేదన్నారు. అప్పుడు ఒక కల్యాణ మండపానికి వెళ్ళారు. మైకులో పిలిపిస్తే లోవరాజు అనే ముసలాయన కర్ర పట్టుకుని లేచొచ్చాడు. మంగతాయారు ఆయన మొహంలోకి చూసి అక్కడే మెట్ల మీద కూలబడిపోయింది.

"ఎన్నాళ్ళు ఆడించారండీ దాన్ని," అంది. "రైలన్నారు, మట్టన్నారు, బెల్లమన్నారు. దాని పేరు దానికి సెప్పుకోడం రాలేదు కదండీ. ఇప్పుడెవరైనా అడిగితే నా బిడ్డ ఏమని సెబుతాది?"

సత్తెవేణి తల వంచుకుని ఆ మాట పడింది. ఆవిడ మనసులోనూ తెల్లారినప్పటి నుంచి అదే మాట తిరుగుతోంది మరి.

ఆ తర్వాత మార్కెట్ యార్డుకి వెళ్ళారు. వాకిట్లో ఒక కుర్రాడు అన్నం పొట్లాలు పంచుతున్నాడు. మంగతాయారు నోరు తెరవకముందే సత్తెవేణి ముందుకెళ్ళి, "బాబూ, యోవ అని చెప్పే పిల్ల ఎవరైనా వచ్చిందా?" అని అడిగింది.

కుర్రాడు పొట్లం పట్టుకుని ఆగిపోయాడు. "యోగ కదండీ? చిన్నపిల్ల... ఏ ఊరమ్మా అంటే యం... యం... అంది. యానాం అనుకున్నామండి. కాదు కాదంటా ఏడ్చింది. భయమేసి ఏడుత్తందనుకుని యానాం బస్సెక్కించేశాం."

ఎంతసేపు చెప్పిందో చూడు తల్లీ ఆ పిల్ల. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. కాదు కాదని కూడా చెప్పింది. అంతకంటే ఏం చెయ్యగలదు?

నీళ్ళలో మునగని దారులు వెతుక్కుంటూ, ఒక లారీ దిగి ఇంకో లారీ ఎక్కుతూ ఇద్దరూ యానాం చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం అయింది. అక్కడొక పెద్ద హాల్లో పిల్లలు పడుకుని ఉన్నారు. ఒక్క పిల్ల మాత్రం గోడ వైపు తిరిగి కూచుంది. ఒళ్ళు కాలిపోతోంది. ఎదురుగా పెట్టిన అన్నం అలాగే ఉంది.

"మీ పిల్లా అమ్మా?" అంది అక్కడి ఆయా. "వచ్చిన కాణ్ణించి ఒక్క మాట లేదు. మూగదనుకున్నాం."

మంగతాయారు పరుగెత్తుకెళ్ళి బిడ్డని గుండెకి అదుముకుంది. ఏడ్చింది, ముద్దులు పెట్టింది, లోవా లోవా అంది. లోవ ఏడవలేదు. అమ్మా అని కూడా అనలేదు. వాళ్ళమ్మ భుజం మీద గడ్డం ఆనించి ఊరికే చూస్తూ ఉంది.

వరద తీసింది. లంకలో సగం గోదారి కోసుకుపోయింది. అంగన్‌వాడీ గది ఉన్న చోట ఇప్పుడు నీళ్ళున్నాయి. ఊరి వాళ్ళని గట్టు కింద రేకుల షెడ్లలో పెట్టారు. సత్తెవేణి అక్కడికే వచ్చి ఒక చాప పరిచి పిల్లల్ని కూచోబెట్టుకునేది. మళ్ళీ రైలు కట్టమని పిల్లలు అడిగారు. "ఇంకో ఆట ఆడుకుందాం," అనేది. ఇసక కనిపించినా ఆవిడ చెయ్యి పుల్ల అందుకోలేదు.

లోవ చాప మీద ఓ మూల కూచునేది. చలికాలం వెళ్ళేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్కో మాటే, అదీ వాళ్ళమ్మతోనే.

ఒకరోజు షెడ్డు వెనకాల లోవ ఎవరితోనో మాట్లాడుతుంటే మంగతాయారు విని తొంగి చూసింది. మేకపిల్లతో. "నా దగ్గర ఏం లేదు, వెళ్ళు," అంటోంది. లేదు అంది! స్పష్టంగా, గంట కొట్టినట్టు! ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. మంగతాయారు కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరుగెత్తి సత్తెవేణిని పిల్చుకొచ్చింది.

సత్తెవేణి లోవ ముందు మోకాళ్ళ మీద కూచుంది. "నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

లోవ నోరు గట్టిగా మూసేసుకుంది. ఒక్కో అడుగూ వెనక్కి వేసి, వాళ్ళమ్మ చీర కుచ్చెళ్ళ వెనకాల దాక్కుంది.

"ఒక్కసారి సెప్పవే, వచ్చిందిగా నీకు!" అంది మంగతాయారు.

"వద్దు మంగా," అంది సత్తెవేణి. కుచ్చెళ్ళ వెనకాల ఉన్న ఆ చిన్న పాదాల వైపు చూస్తూ, "చెప్పకపోతే ఏం? నాకు తెలుసుగా," అంది.

ఆ పిల్ల పెద్ద బడికి వెళ్ళింది, బాగానే చదివింది. ఎవరేం అడిగినా చెప్పేది. పేరడిగితే మాత్రం తల వంచుకుని, పక్కనున్న వాళ్ళు చెప్పేదాకా ఊరుకునేది.

ఇంకా దగ్గరికి జరుగు తల్లీ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

కథ చేరె కంచికి,
కన్ను చేరె కునుకుకి,
వరద చేరె సంద్రానికి,
ఎవరి బిడ్డ వాళ్ళింటికి.